కదలని జోడీ

జోడీ కోసం తీసిన చీటీ విప్పి చూడగానే జానెల్ మొహం మాడిపోయింది.

అందులో వెండెల్ పేరుంది.

ఆ వెండెల్ నీళ్ళ డబ్బా పక్కన కూలబడి, పొట్ట అడ్డమొచ్చి బూటు తాళ్ళు కట్టుకోలేక అవస్థ పడుతున్నాడు. అరవై దాటిన భారీ మనిషి.

"లాటరీ తగిలిందమ్మా నీకు!" ట్రెంట్ పగలబడి నవ్వాడు. అతనికి బక్కపలచటి జోడీ దొరికింది మరి. "ట్రాక్టరేమైనా తెచ్చుకున్నావా?"

ఓక్లహామాలో ఊరి బయట ఎర్రమట్టి కట్టల మధ్య ఉన్న షూటింగ్ రేంజ్ అది. మామూలు జనానికి ఒకరోజు ఆత్మరక్షణ శిక్షణ. పరుగులు, ఇసుక సంచులు మొయ్యడం, కాల్పులు అయ్యాక, ఆఖరున అన్నీ కలిపి ఒక పరీక్ష. పరుగెత్తుకెళ్ళి, నేలమీద పడున్న జోడీని గోడ చాటుకు ఈడ్చాలి. అక్కణ్ణుంచి దొంగ బొమ్మను కాల్చాలి. పక్కనున్న ఆడమనిషి బొమ్మకు తగలకూడదు. అంతా ఈల మోగేలోపే అయిపోవాలి.

మిగతావాళ్ళకది సరదా. జానెల్‌కు కాదు.

ఆమెది పెట్రోలు బంకులో కౌంటర్ ఉద్యోగం. మొన్న వేసవిలో ఒకడు తుపాకీతో వచ్చాడు. తోటి ఉద్యోగి కర్టిస్ తొడలో గుండు దిగి పడిపోయాడు. జానెల్ అతన్ని ఒక్కసారి లాగింది. కదల్లేదు. వెనక తలుపులోంచి పారిపోయింది. కర్టిస్ బతికాడు, ఆమెను ఒక్క మాటా అనలేదు. కానీ ఆమె మళ్ళీ ఆ గడప తొక్కలేకపోయింది.

సోమవారం రాకపోతే వేరే మనిషిని పెట్టుకుంటానని యజమాని కబురు పెట్టాడు. ఈ పరీక్ష గట్టెక్కితేనే వెళ్ళాలని ఆమె ఒట్టు పెట్టుకుంది.

"గ్రేడీ, నా జోడీ మార్చవా?" అని శిక్షకుణ్ణి అడిగింది.

"పడిపోయేవాణ్ణి నువ్వు ఎంచుకుంటావా ఏంటి?" అన్నాడు గ్రేడీ. పాతికేళ్ళు పోలీసు పని చేసిన మనిషి, మాట కరుకు.

వెండెల్ టోపీ ఎత్తి పలకరించాడు. "ఏమీ అనుకోకు తల్లీ. రాత్రి కూడా గట్టిగానే లాగించాను."

ఆమెకు నవ్వు రాలేదు.

సాధన మొదలైంది. పడుకున్నవాళ్ళంతా గ్రేడీ అటు తిరగ్గానే మడమలతో నేలను తన్ని, లాగేవాళ్ళకు సాయం చేస్తున్నారు. అక్కడ అది మామూలే. చూసినా గ్రేడీ చూడనట్టే ఊరుకుంటాడు.

వెండెల్ మాత్రం కాలి వేలు కూడా కదపలేదు. జానెల్ బారెడు దూరం లాగేసరికే ఈల మోగింది.

"కాస్త మడమలతో తొయ్యొచ్చుగా! అందరూ తోస్తున్నారు!"

"నాకు స్పృహ లేదు కదమ్మా," అన్నాడు కళ్ళు మూసుకునే.

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. "నిజంగా అయితే మీలాంటివాణ్ణి వదిలేసి పారిపోతాను, తెలుసా?"

అనేసి నాలిక్కరుచుకుంది. కర్టిస్ కళ్ళముందు మెదిలాడు.

వెండెల్‌కు కోపం రాలేదు. "అంతకంటే కావలసిందేముంది? నిజంగా అయితే పారిపో. ఇవాళ మాత్రం లాగు. చొక్కా కాదు, నా చంకల కిందనుంచి చేతులు దూర్చి నా ముంజేతులు పట్టుకో. వెనక్కి కూర్చోబోతున్నట్టు ఒరుగు. ఇక కాళ్ళతో నెట్టుకుంటూ పో."

భోజనాల వేళ మిగతావాళ్ళంతా నీడలో కూర్చుని శాండ్‌విచ్‌లు తింటున్నారు. వీళ్ళిద్దరూ ఎండలోనే ఉన్నారు. కంకర గీసుకుని వెండెల్ చొక్కా చిరిగింది, వీపు మీద నెత్తురు చెమర్చింది.

"ఇక చాలండీ," అంది జానెల్.

"ఇంకొక్కసారి," అన్నాడు వెండెల్.

"పడుకోవడమేనా పెద్దాయనా నీ కసరత్తు?" ట్రెంట్ అక్కణ్ణుంచే కేకేశాడు.

"ఇందులో నన్ను కొట్టేవాడు పుట్టలేదు బాబూ!"

మధ్యాహ్నం పరీక్షలో జానెల్ పరుగెత్తింది, ఆ భారీ దేహం చంకల కింద చేతులు దూర్చింది, వెనక్కి ఒరిగింది. కదిలాడు! గోడ చాటుకు చేరింది. రెండు గుండ్లూ దొంగ బొమ్మ గుండెలోనే దిగాయి. ఆ తర్వాతే ఈల మోగింది.

అందరూ చప్పట్లు కొట్టారు. ట్రెంట్ కూడా కొట్టాడు. ఆమె దొంగ బొమ్మ పక్కన నిలబడి ఫొటోలు దిగింది, కర్టిస్‌కు పంపింది. సోమవారం వస్తున్నానని చెప్పింది. అంతా అయ్యి వెనక్కి తిరిగేసరికి వెండెల్ ట్రక్కు గేటు దాటిపోయింది.

ఆయనకు తను ఒక్క థాంక్స్ కూడా చెప్పలేదే అని ఆమె మనసు చివుక్కుమంది.

సాయంత్రం అందరూ వంగి ఖాళీ తూటా గొట్టాలు ఏరుతున్నారు. ఆమె గ్రేడీ పక్కకు చేరింది.

"ఆయనేంటి, ఒక్క గుండూ కాల్చలేదు?"

"కాల్చడు. రెండేళ్ళుగా ప్రతి నెలా వస్తున్నాడు. ఈడ్పించుకుని పోతాడు."

"అదేం పిచ్చి?"

"పిచ్చి కాదు. వాళ్ళింట్లో దొంగ పడ్డాడు. భార్య లూయెల్లా చనిపోయింది."

జానెల్ చేతులు ఆగిపోయాయి. "అయ్యో... ఆ ఒంటితో ఆవిణ్ణి బయటికి లాగలేకపోయాడు కాబోలు, పాపం. వచ్చే నెల వస్తాను గ్రేడీ. నేనన్న మాటకు క్షమించమని అడగాలి."

"వచ్చే నెల ఆయన రాడు. ఇల్లమ్మేశాడు. ఇటునుంచి ఇటే కాన్సస్‌లో చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోతున్నాడు."

జానెల్ రోడ్డు వైపు చూసింది. అక్కడ ఎవరూ లేరు.

గ్రేడీ నడుం పట్టుకుని లేచాడు.

"నువ్వు తిరగేసి చెప్పావమ్మాయ్. గుండు తగిలి వంటింట్లో పడిపోయింది ఆవిడ కాదు, వెండెల్. నన్నొదిలేసి పారిపొమ్మని ఆయనెంత మొత్తుకున్నా వినకుండా, ఆ దొంగ మళ్ళీ లోపలికొచ్చేదాకా ఆయన్ని ఈడుస్తూనే ఉండిపోయింది లూయెల్లా."