ముక్కు మేస్త్రి మెప్పు

కాలింగ్ బెల్ మీద పెట్టిన వేలు, తలుపు తెరిచేదాకా ఆమె తియ్యలేదు.

పిన్ని కంగారుగా తలుపు తీసింది. “ఏమైందే, అలా ఉన్నావు?”

“బాబాయ్ ఉన్నాడా?”

“ఎక్కడికి పోతారు? కిటికీ దగ్గర పేపరు చదువుకుంటున్నారు.”

ఆమెకు కోపం ముక్కు మీదే ఉంటుందని ఇంట్లో అందరికీ తెలుసు. ఇవాళ అది నెత్తికెక్కింది. చేతిసంచిలో రెండు వస్తువులున్నాయి. ఒకటి నిన్ననే ఆరిన కొత్త సబ్బు. రెండోది, తన సబ్బుల కంపెనీని ఇంకో పెద్ద కంపెనీకి అమ్మేస్తున్నట్టు రాసిన కాగితం. సంతకం ఒక్కటే తక్కువ. ఆ కంపెనీ మేనేజరు కింద కారులో ఎదురుచూస్తున్నాడు.

బాబాయ్ ఇవాళ ‘బాగుంది’ అంటే కాగితం చింపేస్తుంది. అనకపోతే సంతకం పెట్టేస్తుంది. మెట్లెక్కుతూ తనతో తనే వేసుకున్న పందెం అది.

తొమ్మిదేళ్ల కిందట స్నానాల గదిలో ఒక ప్లాస్టిక్ బకెట్టుతో మొదలుపెట్టింది. కాస్టిక్ సోడా చింది మోచేతుల దాకా మచ్చలు పడ్డాయి. ఇప్పుడు రెండు షెడ్లు, ముప్ఫై ఎనిమిది మంది పనివాళ్లు. మెచ్చుకోనివాళ్లు లేరు. మొగుడు “నీకు తిరుగులేదు” అంటాడు. మాడిన నూనె కంపు కొట్టిన మొదటి సబ్బుకీ ఆ మహానుభావుడు అదే మాట అన్నాడు. తోటికోడళ్లు, ఇరుగుపొరుగు, కొనేవాళ్లు అందరూ ఆహా అన్నారు, ఓహో అన్నారు. ఆ పొగడ్తలన్నీ ఆమె ఈ చెవిన విని ఆ చెవిన వదిలేసింది.

ఆమెకు కావలసింది ఒక్కడి మెప్పు. బాబాయ్ ఒకప్పుడు పేరున్న సబ్బుల ఫ్యాక్టరీలో సువాసనలు పరీక్షించే మేస్త్రి. అందరూ ముక్కు మేస్త్రి అనేవారు. ఏ సబ్బులో ఏ అత్తరు ఎన్ని చుక్కలు పడిందో కళ్లు మూసుకుని చెప్పేవాడట. మాట కూడా ముక్కుసూటే. తనకు రూఢిగా తెలిస్తే తప్ప, యజమాని వచ్చి బతిమాలినా ఒక్క పెట్టెకీ సరేననేవాడు కాదట. అలాంటి మనిషి చేత బాగుందనిపించుకోవాలనే ఆమె ఈ పనిలోకి దిగింది.

కొత్త రకం చేసినప్పుడల్లా తెచ్చి ఆయన చేతిలో పెట్టేది. ఆయన అరచేతిలో తిప్పేవాడు. గోరుతో గీకేవాడు. బల్ల మీద కొట్టి చప్పుడు వినేవాడు. ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు అలాగే ఉండిపోయేవాడు. “అంచు పగిలింది” అనో “ఇంకో వారం ఆరాలి” అనో చెప్పేవాడు. సువాసన సంగతి అడిగితే మాత్రం ఒకటే మాట.

“ఇంకోసారి చెయ్యి.”

ఇంకోసారి చేసింది. నలభై రకాలు చేసింది. ఆ కసితోనే రెండో షెడ్డు వేసింది.

కిందటి నెల ఆమెకు అనుమానం వచ్చింది. బజారులో అన్నిటికన్నా ఎక్కువ అమ్ముడుపోయే సబ్బు కొని, పైకాగితం తీసేసి, మీది అక్షరాలు చెక్కేసి, తనదేనని ఇచ్చింది. దానికీ అదే మాట. ఆ రోజు ఆమెకు అంతా అర్థమైపోయింది. కుళ్లు. పచ్చి కుళ్లు.

ఇప్పుడు కొత్త సబ్బు ఆయన ముందు పెట్టి, చేతులు కట్టుకుని నిలబడింది. ఆయన తిప్పాడు, గీకాడు, కొట్టాడు, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

“గట్టిదనం సరిగ్గా కుదిరింది.”

“వాసన?”

ఆయన సబ్బు కింద పెట్టాడు. “ఇంకోసారి చెయ్యి, అమ్మడూ.”

“ఎన్నిసార్లు చెయ్యను? పరాయివాళ్లు నెత్తిన పెట్టుకుంటున్నారు. సొంత అన్న కూతుర్ని, నా సబ్బు ఒక్కసారి బాగుందంటే నీ సొమ్మేం పోయింది బాబాయ్?”

“ఊరికే అనలేను కదమ్మా.”

ఆమెకు ఒళ్లు మండిపోయింది. “ఊరికే అనమన్నానా? తొమ్మిదేళ్లు చేతులు కాల్చుకున్నాను, అది నీకు ఊరికేనా? నీకంటే పైకొచ్చానని నీకు కుళ్లు. చెప్పు, కాదని చెప్పు.”

ఆయన నోరు తెరిచాడు. వంటింటి గుమ్మంలో నిలబడిన పిన్ని వైపు చూశాడు. మళ్లీ పేపరు చేతిలోకి తీసుకున్నాడు.

అంతే. ఆమె ఆ బల్ల మీదే, ఆ సబ్బు పక్కనే, కాగితం పరిచి సంతకం గీకింది. గీకుతుంటే కాగితం చిరిగినంత పనైంది. దడదడా మెట్లు దిగి మేనేజరు చేతిలో పెట్టింది. అతను దండం పెట్టి, మళ్లీ మనసు మారుతుందేమోనన్నట్టు వెంటనే కారు కదిలించాడు.

పిన్ని రొప్పుతూ కిందికొచ్చేసరికి కారు మలుపు తిరిగిపోయింది.

“దేని మీదే ఆ సంతకం?”

“కంపెనీ అమ్మేశాను పిన్నీ. నాకు పని రాదని మీ ఆయన తొమ్మిదేళ్లుగా చెబుతూనే ఉన్నాడు. ఇవాళ నమ్మాను.”

పిన్ని మెట్టు మీద కూలబడిపోయింది.

“ఎవరికీ చెప్పనని నా చేత ఒట్టేయించుకున్నారే. నువ్వు మొదటి సబ్బు చెయ్యకముందే మీ బాబాయికి వాసన తెలియడం పూర్తిగా పోయింది తల్లీ.”