బిందెల లెక్క

"ఈ వారం రోజుకి ఎన్ని బిందెలమ్మా?" ఉమాశంకర్ పుస్తకం తెరిచాడు.

"ఆరు బాబూ," అంది కూర్మమ్మ.

అబద్ధం. ఆమె తెచ్చుకునేది నాలుగే.

నౌపడ ఉప్పు మడుల్లో పని ఆమెది. భర్త గంగులు పోయి ఐదేళ్లు. పిల్లల్లేరు. చుట్టుపక్కల ఎక్కడ తవ్వినా ఉప్పునీరే. మంచినీళ్ల నూతికి మైలు దూరం నడవాలి. చంకన బిందెతో వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ పలకరించే మనిషి ఉండడు. ఇంటికొస్తే అసలే ఉండడు.

మూడేళ్ల కిందట శ్రీకాకుళం ఆఫీసు నుంచి ఉమాశంకర్ వచ్చాడు. అరవైకి దగ్గరపడ్డ మనిషి. ఆసియా ఖండంలో ఏ దేశంవాళ్లు ఎంత మంచినీరు వాడుతున్నారో లెక్క తీస్తున్నారట. అందులో ఈ ఊరి నుంచి కూర్మమ్మ ఇల్లు పడింది.

"ఇంట్లో ఎంతమంది?" అని అడిగాడు మొదటిరోజు.

"నానొక్కదాన్నే. మరి మీ ఇంట్లో బాబూ?"

ఆయన కాగితం మీద ఒకటి వేశాడు. "మా ఇంట్లోనూ అదే అంకె."

వెళ్తూ వెళ్తూ చెప్పాడు. "ప్రతి శనివారం వచ్చి రాసుకుంటాను. నాలుగు వారాలు ఒకే లెక్క వస్తే నేనిక రానక్కర్లేదమ్మా."

ఆ మాట కూర్మమ్మ మర్చిపోలేదు. ఒక శనివారం ఐదు బిందెలంది. తర్వాత ఏడు. ఒకసారి మూడే అంది. ఆయన తలూపి రాసుకునేవాడు. అరుగు మీద క్యారేజీ విప్పుకుని, ఆమె వండిన చేపల పులుసు కూడా వేయించుకునేవాడు.

"కిలో బియ్యం పండాలంటే రెండున్నర వేల లీటర్ల నీళ్లు కావాలి, తెలుసా?" అన్నాడోసారి.

"అమ్మ బాబోయ్! అయితే నాను మోసీది ఏ మూలకి? మరి కిలో ఉప్పుకో?"

"అది నాకూ తెలీదు," అని నవ్వాడు.

మిగతా ఆరు రోజులూ ఆమె శనివారం కోసమే బతికేది.

ఆరు బిందెలన్న మర్నాడు, ఆదివారం, టీ కొట్టు టీవీలో వార్తలు వస్తున్నాయి. ఆసియాలో నీళ్లు ఎక్కువ తోడేస్తున్న దేశాల్లో మనది ముందుందట. కూర్మమ్మ టీ గ్లాసు కింద పెట్టేసింది. లేని బిందెలు ఎన్ని చెప్పింది తను! దేశం పరువు తీసేసింది. రేపు తప్పు బయటపడితే ఆ బాబు ఉద్యోగం ఉంటుందా?

సోమవారం పని మానేసి శ్రీకాకుళం బస్సెక్కింది. నిజం చెబితే ఆయన ఇక రాడు. ఆ సంగతి తెలుసు. దారంతా కొంగు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చుంది.

ఆఫీసులో బల్ల వెనక ఉన్నావిడ ముందు చేతులు జోడించింది.

"అమ్మా, ఉమాశంకర్ బాబుకి నాను తప్పుడు లెక్కలు సెప్పాను. మొన్న శనివారం కూడా ఆరని సెప్తే రాసుకున్నారు. నావి నాలుగు బిందెలే. ఆయన్నేటీ అనకండి. లెక్క మారకపోతే ఆయన రారని... మా గుమ్మంలోకి మరెవులూ రారమ్మా, అందుకే అలగ సేసాను. ఇక రావద్దని మీరే సెప్పీండి."

ఆవిడ అయోమయంగా చూసింది.

"ఆ సర్వే ముగిసిపోయి, ఉమాశంకర్ గారు రిటైరై వెళ్లిపోయి రెండేళ్లయింది కదమ్మా!"