ఏడాది గ్యారంటీ

“ఏమయ్యా మల్లేశ్వరరావ్, సైకిల్ అడ్వాన్సు తీసుకుని కూడా ఈ నడకేమిటి?”

నాంపల్లిలోని ఓ సర్కారు ఆఫీసు మెట్ల మీద సూపరింటెండెంట్ రాధాకృష్ణమూర్తి నిలదీశాడు. గుమాస్తా మల్లేశ్వరరావు చొక్కా చెమటకి తడిసి వీపుకి అంటుకుపోయింది. అప్పటికే పావుగంట ఆలస్యం.

“ఫ్రీవీలు పోయిందండీ,” అన్నాడు. “ఎంత తొక్కినా పెడళ్ళు ఉత్తినే తిరుగుతాయి. బండి కదలదు.”

ఇంకేం చెప్పినా బాగుండేది. రాధాకృష్ణమూర్తికి సైకిళ్ళంటే ప్రాణం. ప్రతి ఆదివారం తన సైకిల్ ఊడదీసి, కిరోసిన్‌తో కడిగి, మళ్ళీ బిగించేదాకా ఆయన అన్నం ముట్టడు.

“కొని ఎన్నాళ్ళయింది?”

“ఎనిమిది నెలలండీ.”

“ఏడాది గ్యారంటీ ఉంటుంది కదయ్యా! కొట్టువాడు కొత్తది ఇచ్చి తీరాలి.”

“పోనీలెండి. ఎక్కడో బాగుచేయించుకుంటాను.”

“ఎందుకు పోనివ్వాలి? వాడి తప్పుకి నువ్వెందుకు నడవాలి? నీలాంటి మెతక మనుషుల వల్లే వాళ్ళు అలా తయారయ్యారు.”

మల్లేశ్వరరావు నిజంగానే మెతక మనిషి. పైగా అతని ప్రమోషన్ ఫైలు ఈయన బల్ల మీదే ఉంది. యాభై ఆరులో బందరు నుంచి వచ్చిన దగ్గర్నుంచీ ఏడేళ్ళుగా అదే కుర్చీ, అదే జీతం. ఒక్క సంతకం పడితే బతుకు కాస్త ఒడ్డున పడుతుంది. ఈయన మాటకి అడ్డు చెప్పే వేళ కాదు.

“గ్యారంటీ కార్డు కనబడ్డం లేదండీ,” అని ఆఖరి ప్రయత్నం చేశాడు.

“బిల్లు మన ఫైల్లోనే ఉందిగా!”

ఉంది. సైకిల్ కోసం సర్కారు దగ్గర అడ్వాన్సు తీసుకున్నవాళ్ళు నెల తిరక్కుండా కొట్టు బిల్లు ఆఫీసులో దాఖలు చెయ్యాలి. లేకపోతే ఉద్యోగానికే ఎసరు. మల్లేశ్వరరావు మూడో వారంలోనే దాఖలు చేశాడు. బిల్లు అడుగున ‘ఏడాది గ్యారంటీ’ అని రబ్బరు ముద్ర కూడా ఉంది.

“రేపు ఆ ఫ్రీవీలు విప్పి పట్టుకురా. నేనే వస్తాను.”

ఆ సాయంత్రం మల్లేశ్వరరావు బేగం బజారు పాత సామాన్ల కొట్ల మీదుగా తిరిగి తిరిగి ఇల్లు చేరాడు. మర్నాడు పొద్దున ఫ్రీవీలుని పాత పేపర్లో చుట్టి సంచిలో పెట్టుకున్నాడు. మధ్యాహ్నం దాకా ఒక్క కాయితం మీద కూడా కలం ఆనలేదు.

భోజనాల వేళ ఇద్దరూ ఆబిడ్స్ బయల్దేరారు. రాధాకృష్ణమూర్తి తన సైకిల్ నడిపించుకుంటూ పక్కనే నడిచాడు.

“ఇన్నాళ్ళూ ఎందుకు ఊరుకున్నావయ్యా?”

“అడ్వాన్సు వచ్చిన నెల్లోనే మా ఆవిడకి ఆపరేషన్ అయిందండీ. ఆ హడావుడిలో ఇంకేదీ చూసుకోలేదు.”

“అయ్యో. ఇప్పుడెలా ఉంది?”

“లేచి తిరుగుతోందండీ.”

“అయితే ఇది మరీ అన్యాయం. కష్టంలో ఉన్నవాడికి పనికిరాని సరుకు అంటగడతాడా? వాడి సంగతి చూస్తాను పద.”

తిట్టేవాణ్ణయితే తప్పించుకు తిరగొచ్చు. ఇంత మంచివాణ్ణి ఏం చెప్పి ఆపాలో మల్లేశ్వరరావుకి తోచలేదు.

కొట్టు యజమాని రాజమల్లు అతన్ని చూడగానే లేచాడు. “రాండ్రి సార్. అమ్మగారు మంచిగున్నరా?” అన్నాడు. అంతలో వెనకాల ఉన్న పెద్దమనిషినీ, ఆయన చేతిలోని బిల్లునీ చూసి మళ్ళీ కూచున్నాడు.

“ఈ బిల్లు నీదేనా?” అన్నాడు రాధాకృష్ణమూర్తి.

రాజమల్లు అద్దాలు పెట్టుకుని, అంత చిన్న కాయితాన్నీ చాలాసేపు చదివాడు.

“ఔ సార్. నాదే.”

“ఈ గ్యారంటీ ముద్ర?”

“ఔ. గది గూడ నాదే.”

“మరి దీని సంగతేమిటి?”

రాజమల్లు ఫ్రీవీలుని అటూ ఇటూ తిప్పి చూశాడు. “గిది మా తానకెల్లి పోయిన మాల్ కాదు సార్. పండ్లన్నీ అరిగినయ్. పదేండ్ల కిందటిది.”

“అంటే కొత్త సైకిల్‌కి పాత ఫ్రీవీలు బిగించి అమ్మావన్నమాట!”

రాజమల్లు మల్లేశ్వరరావు వైపు చూశాడు. మల్లేశ్వరరావు పైన వేలాడుతున్న టైర్ల వైపు చూస్తున్నాడు.

“పోదామండీ. నా ఖర్మ అనుకుంటాను,” అన్నాడు చివరికి.

“నువ్వుండవయ్యా! సేల్స్ టాక్సులో మా తోడల్లుడున్నాడు. వీడి బిల్లుబుక్కూ స్టాకు రిజిస్టరూ పక్కపక్కన పెట్టి చూడమంటాను.”

రాజమల్లు గబుక్కున లేచాడు. “గదంత ఎందుకు సార్. జర ఆగుండ్రి,” అంటూ లోపలికెళ్ళి, కొత్త ఫ్రీవీలు తెచ్చి మల్లేశ్వరరావు చేతిలో పెట్టాడు.

రాధాకృష్ణమూర్తి మొహం వెలిగిపోయింది. “చూశావా? అడిగితే ఎందుకివ్వడు! సోమవారం సైకిల్ మీద రా. నేనే ఓ చుట్టు తొక్కి చూసి, అప్పుడు పెడతాను నీ ఫైలు మీద సంతకం.”

తన సైకిలెక్కి, గంట కొట్టుకుంటూ నాంపల్లి వైపు వెళ్ళిపోయాడు.

కొట్లో ఇద్దరే మిగిలారు.

“ఆనాడు ఉత్త బిల్లే రాయించుకపోతిరి గద,” అన్నాడు రాజమల్లు నెమ్మదిగా, “ఇగ సైకిల్ ఎప్పుడు కొంటరు సార్?”