జున్ను పందెం

"నిజం చెప్పు లూడివిన్. ముందే చూశావు కదూ?"

బాస్టియన్ నిలదీశాడు. కంప్యూటరు తెరమీద అప్పుడే బయటపడిన అంకె 71.8. గోడనున్న నల్లబల్లమీద లూడివిన్ పేరు పక్కన సుద్దతో రాసి ఉన్నదీ అదే, చుక్కతో సహా.

ఎక్కడో బహుదూరాన ఒక క్వేజార్, అంటే ధగధగా వెలిగే గెలాక్సీ నడిబొడ్డు. దాని వెలుగును దారిలో ఉన్న గెలాక్సీ వంచి, నాలుగు బొమ్మలుగా చూపిస్తుంది. క్వేజార్ మినుక్కుమంటే ఒక బొమ్మలో ముందు, మరో బొమ్మలో వారాల తర్వాత కనిపిస్తుంది. ఆ తేడా పట్టుకుని విశ్వం ఎంత వేగంగా విస్తరిస్తోందో లెక్క కట్టడమే ఆరేళ్ళుగా బాస్టియన్ పని. మనసు కోరుకున్న జవాబువైపు చెయ్యి లాగకుండా, ఆ జవాబు తమకే కనపడకుండా దాచిపెట్టి లెక్క చేస్తారు. చివరికి అందరి ముందే తెరుస్తారు. ఈలోగా ఒక్కరు తొంగిచూసినా ఆరేళ్ళ శ్రమా బూడిదలో పోసిన పన్నీరే.

తెరిచే ముందు, జెనీవా సరస్సు ఒడ్డునున్న ఈ అబ్జర్వేటరీలో ఒక సరదా. అందరూ తలో అంకె ఊహించి బల్లమీద రాస్తారు. దగ్గరగా వచ్చినవాళ్ళకు బహుమతి గ్రూయేర్ అనే స్విస్ జున్ను. ఇవాళ ఆ జున్ను బాస్టియన్ కంటికి దొంగసొత్తులా కనిపిస్తోంది.

"ఏదో అలా తగిలింది," అంది లూడివిన్ తల వంచుకుని.

"తగిలిందా! మేమంతా చుక్కల్లేకుండా రాస్తే నీకొక్కదానికే చుక్క తగిలిందా? సోది చెప్పడం ఎప్పుడు నేర్చావు? నిన్న నన్ను చూడగానే తెర ఎందుకు మార్చేశావు?"

"ఉద్యోగాల ప్రకటనలు చూసుకుంటున్నా. వచ్చే నెలతో నా కాంట్రాక్టు అయిపోతుంది, నీకు తెలీదా?"

బాస్టియన్ నమ్మలేదు. ప్రొఫెసర్ రోషా చెయ్యెత్తి ఇద్దర్నీ ఆపాడు. ఆయన నల్లకోటు చేతి అంచున సుద్దపొడి. బల్లమీద ఆయన ఊహ 68, అందరికంటే దూరం.

"ఈ పనిలో దొంగలకు చోటు లేదమ్మా," అన్నాడు. "ఒప్పుకో. గౌరవంగా వెళ్ళిపోదువుగాని."

లూడివిన్ కళ్ళు నిండాయి. "చూసే రాశాను."

"విన్నారా!" బాస్టియన్ కూలబడ్డాడు. ఆరేళ్ళూ పోయినట్టే.

"కంప్యూటర్లో కాదు. ఏం రాయాలో తోచక, బడిపిల్లలా కాపీ కొట్టాను. సిగ్గేసి చెప్పలేదు."

"ఎవరిది కొట్టావు?" బాస్టియన్ బల్లంతా వెతికాడు. "ఇంకెవరూ 71.8 రాయలేదే!"

లూడివిన్ ప్రొఫెసర్ వైపు తిరిగింది.

"మీరు ముందు అదే రాసి, కోటు చేత్తో తుడిచేసి 68 వేశారు కదా సార్!"