తవిటినాయుడి కాలు

మందుపాతర పేలి ఎడమ కాలు పోయిన మాజీ హవల్దారు తవిటినాయుడికి, అలాంటి సైనికులందరికీ ఇచ్చినట్టే తెలివైన కాలొకటి ఇచ్చారు. మెట్టు వస్తే అదే ఎక్కుతుంది, బురద వస్తే అదే తప్పుకుంటుంది. అయినా నాయుడికి దానిమీద నమ్మకం లేదు.

కాళ్లు పోయిన మాజీ సైనికులు వాలీబాల్ కూర్చుని ఆడతారు. కాళ్లు విప్పి గీత పక్కన పెట్టి, అక్కడే ఎత్తులు మాట్లాడుకుంటారు. ఈమధ్య బంతి ఎటు కొట్టినా అవతలి జట్టు ముందే కాచుకుని ఉంటోంది. వాళ్ల కాళ్లూ, ఆమాటకొస్తే నాయుడి భార్య నీలవేణి చెవి మిషనూ ఈ కాలు చేసిన కంపెనీవే.

ఫైనల్ రోజు పొద్దున్నే కాలు తొడుక్కుంటూ నాయుడు గట్టిగా అన్నాడు: "ఆఖరి బంతి కుడి మూలకే కొడతాను నీలవేణీ!"

"నాకెందుకు సెప్తన్నావు? నానేటి ఆడతానా?" అంది ఆమె, చారుకి పోపు పెడుతూ.

ఆఖరి బంతి లేచింది. అవతలివాళ్లంతా కుడి మూలకి జరిగిపోయారు. నాయుడు ఎడమకి కొట్టాడు.

కప్పు గెలిచినవాడు కాలిని సంచిలో కుక్కి, పాత చంకకర్రతో ఇంటికొచ్చాడు. సంచిని వీధి అరుగుమీద పడేసి తలుపు గడియ పెట్టాడు.

"గెలిసినోడివి, ఆ మొకమేటి?"

"అది మూడేళ్లుగా మన మంచం పక్కనే ఉంది. దాని ముందు మనం ఏటేటి మాటాడుకున్నామో గేపకం ఉందా?"

నీలవేణి చెవి మిషను తీసి, గడియ తెరిచి, దాన్నీ సంచి పక్కన పెట్టి వచ్చింది.