మలుపులో పడ్డ బ్రేకు

నా కొడుకు నడుపుతూ చనిపోయిన ప్యాసింజర్ వ్యానును బాగుచేసి, మెకానిక్ రోడ్డెక్కించి చూస్తున్నాడు. పట్టుబట్టి నేనూ పక్కన కూర్చున్నాను. మలుపులో వ్యాను ఒక్కసారిగా పక్కకు గుంజింది.

“నా కాలు చూడండమ్మా, బ్రేకు మీద లేదు. బండి జారకుండా ఆపాల్సిన మిషనే చెడి, ఒక చక్రాన్ని పట్టేస్తోంది” అన్నాడు మెకానిక్.

ప్రమాదానికి కొన్నాళ్ల ముందు మావాడూ అదే చెప్పాడు. “అమ్మా, బండి తనంతట తానే బ్రేకేస్తోందే!”

“బండికి బుద్ధి పుట్టిందిట్రా? నువ్వే కునుకు తీసుంటావ్” అని నవ్వాను.

వాడు పోయాక, దెబ్బలు తగిలిన ప్యాసింజర్ల ఇంటింటికీ వెళ్లాను. “మావాడు నిద్రపోయాడు, క్షమించండి” అని తల వంచుకున్నాను. పాపం, క్షమించారు.

“ఇంటి దగ్గర దింపనా అమ్మా?” అన్నాడు మెకానిక్.

“ఇంటికొద్దు నాయనా. ఏ మొహం పెట్టుకునైనా ఆ గడపలన్నీ మళ్లీ తొక్కాలి. మావాడు మెలకువగానే ఉన్నాడని చెప్పాలి.”