ఒక్కడి నిర్ణయం

ఇంజన్ల చప్పుడులో ఉష అరుపు ఎవరికీ వినపడలేదు. నడుం లోతు నీళ్లలోకి దిగి అన్న బోటును గట్టిగా పట్టుకుంది.

"పోవద్దన్నా!"

ఆమె అన్న పెంచల్ మైపాడు బోట్ల సంఘానికి పెద్ద. తుఫాను హెచ్చరిక విని మిగతావాళ్లు వెనకాడినా, గాలి ముదిరేలోగా వేట ముగించుకుని వచ్చేద్దామని అతనే బయల్దేరదీశాడు.

"నువ్వే గదా చెప్పినావు, ఆపదలో పెద్ద ఒక్కడే తేల్చాలని?"

నిజమే. ఉష మేనేజ్‌మెంట్‌లో పరిశోధన చేస్తోంది. ఎవరెవరో రాసిన సంఘాల అనుభవాలను పక్కపక్కన పెట్టి చూసి ఆమె కట్టిన సిద్ధాంతం అది: కష్టకాలంలో నాయకుడు ఎవరినీ అడగకుండా నిర్ణయించిన సంఘాలే నిలిచాయి.

"అవన్నీ నిలబడినోళ్ల కథలన్నా! మునిగిపోయినోళ్లది ఎవురు రాసినారు?"

పెంచల్ చెల్లెలి ముఖంలోకి చూశాడు. తర్వాత సముద్రం వైపు చూశాడు. ఇంజను ఆపేశాడు.

"ఎవురూ పోవద్దు. బోట్లు ఒడ్డుకు లాగండి!"

మధ్యాహ్నానికి ఒడ్డున ఉన్న పాకలను సముద్రం లాక్కుపోయింది. మనుషులంతా ప్రాణాలతో ఉన్నారు.

గాలివాన తగ్గాక, సంఘాల మీద పుస్తకం రాస్తున్న ప్రొఫెసరు ఒకాయన వచ్చి, ఇంతమందిని ఎలా కాపాడావని పెంచల్‌ని అడిగాడు.

"నేనే తేల్చినాను సార్. ఎవుర్నీ అడగలేదు."

అతను అబద్ధమాడటం లేదు. అలాగే జరిగిందని నమ్ముతున్నాడు.

ప్రొఫెసరు తల ఊపుతూ రాసుకున్నాడు. టీ తెచ్చి గుమ్మంలో నిలబడ్డ ఉషకు అప్పుడు తట్టింది, తాను చదివిన అనుభవాల్లోని నాయకులంతా కూడా ఇలాగే చెప్పి ఉంటారని.